నెట్‌లోకి కొట్టి సాధన చేసేవారు గోల్ఫ్ స్లైస్‌ను ఎలా సరిదిద్దుకోవాలి?

ప్రశ్న: హనుమకొండ సభ్యుడు

నమస్కారం. నాది హనుమకొండ, వయసు 43 ఏళ్లు, కుడిచేతివాటం. చిన్నప్పటి నుంచి క్రికెట్ ఆడినవాణ్ణి, రెండేళ్ల క్రితం గోల్ఫ్ మొదలుపెట్టాను. ధర్మసాగర్ వైపు మాకున్న మామిడి తోటలో నాలుగు ఇనుప గొట్టాలు పాతి, నైలాన్ నెట్ కట్టుకొని, వారానికి నాలుగు రోజులు పొద్దున ఆరు నుంచి ఏడు గంటల వరకు అందులోకి బంతులు కొడతాను. నెలకొకసారి మాత్రం తెల్లవారుజామున మూడున్నరకు కారు తీసి, జనగామ, భువనగిరి మీదుగా హైదరాబాద్ చేరి, గోల్కొండ నయా ఖిలాలోని మైదానంలో సభ్యుడైన ఒక మిత్రునికి అతిథిగా ఆడి వస్తాను.

నా ఇబ్బంది డ్రైవర్‌తో, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే పొడవాటి క్లబ్బుతో. టీ మీద, అంటే బంతిని నిలిపే చిన్న మేకు మీద నుంచి కొట్టిన బంతి మొదట కొంచెం ఎడమకే బయలుదేరుతుంది, కానీ వంద గజాలు దాటాక కుడికి వంగడం మొదలుపెట్టి, చివరికి ఫెయిర్‌వే, అంటే పొట్టిగా కత్తిరించిన పచ్చిక దారి దాటి కుడివైపు పొదల్లో పడుతుంది. దీన్నే స్లైస్ అంటారు. దగ్గరి దూరాలకు వాడే, లోహపు తల ఉన్న ఏడో నంబరు ఐరన్‌తో కూడా కుడికే పోతుంది గాని, అంతగా కాదు. కుడికి పోతోంది కదా అని పాదాలు, భుజాలు ఎడమకు తిప్పి నిలబడి కొట్టి చూశాను. అలా చేసిన రోజున వంపు తగ్గకపోగా ఇంకా పెరిగింది, ఎందుకు పెరిగిందో నాకు అర్థం కాలేదు.

వీడియోల్లో ఒకరు పట్టు మార్చమంటారు, ఒకరు నడుము ముందు తిప్పమంటారు, ఇంకొకరు మోచేయి పక్కటెముకలకు ఆనించమంటారు. అన్నీ ఒకేసారి చేయబోతే బంతికి క్లబ్బు తగలడమే కష్టమైంది. అనుభవజ్ఞులను నేను అడిగేవి రెండు ప్రశ్నలు. వీటిలో మొదట సరిచేయవలసింది ఏది? రెండోది, నెట్‌లోకి కొట్టినప్పుడు బంతి మూడు మీటర్లలోనే ఆగిపోతుంది కాబట్టి వంపు నాకు కనిపించదు. నేను చేసిన మార్పు ఫలించిందో లేదో తెలుసుకోవడానికి మళ్లీ నెల రోజులు ఆగి హైదరాబాద్ పోవలసిందేనా, లేక తోటలోనే తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా?

సమాధానం: జగిత్యాల విశ్రాంత సైనికుడు

తమ్ముడూ, మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే పట్టు. మిగిలినవన్నీ దాని తరువాతే.

సైన్యంలో ఉండగా కంటోన్మెంట్ మైదానాల్లో ఆడటం నేర్చుకున్నాను. మూడేళ్లు మీలాగే కుడికి వంచి కొట్టాను, మీలాగే ఎడమకు గురిపెట్టాను. చివరికి నా క్లబ్బుల సంచి మోసే ఒక వృద్ధ క్యాడీ, నాలుగు హోల్స్ పాటు నా వెంట మౌనంగా నడిచి, అయిదో హోల్ మొదలయ్యే టీ దగ్గర ఒక్క మాట అడిగాడు: "సాబ్, క్లబ్బు పట్టుకున్నాక మీ ఎడమ చేతి మీద కణుపులు ఎన్ని కనిపిస్తున్నాయి?" వంగి చూస్తే ఒక్కటే కనిపించింది. ఆయన రెండున్నర కనిపించేలా నా చేతిని తిప్పి పెట్టాడు. ఆ రోజు నేను నేర్చుకున్నది తరువాత ముప్పై ఏళ్ల ఆటకు పునాది అయింది కాబట్టి ఆ మాటను మీకు వివరంగా చెప్పాలనిపిస్తోంది.

క్రికెట్ ఆడి వచ్చినవారికి ఈ తప్పు ఎందుకు వస్తుందో ముందు చూడండి. బ్యాట్ పట్టుకున్నప్పుడు పై చేతి వెనుకభాగం మిడాఫ్, కవర్ వైపు చూస్తుంది. మణికట్టు తిరగకుండా బ్యాట్ ముఖాన్ని బంతి వచ్చే గీత వెంట నిలిపి ఉంచడమే మంచి డ్రైవ్ అని మనకు నేర్పారు. బ్యాట్ బరువు పిడికి ఇరువైపులా సమానంగా ఉంటుంది కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. గోల్ఫ్ క్లబ్బు అలాంటిది కాదు. దాని తల కర్రకు ఒక పక్కగా వేలాడుతూ ఉంటుంది. వెనక్కి ఎత్తేటప్పుడు బంతిని తాకే దాని ముఖం సహజంగానే కుడికి తెరుచుకుంటుంది, కిందికి వచ్చేటప్పుడు ముంజేతులు తిరిగి దాన్ని మూయాలి. క్రికెట్ పట్టుతో, క్రికెట్ మణికట్టుతో కొడితే ఆ మూత పడదు. ముఖం కుడికి తెరుచుకొని ఉండగానే బంతిని తాకుతుంది.

పట్టు మార్చుకునే పద్ధతి ఇది. ఇంట్లో షాబాదు బండలు ఉంటే వాటి సందు గీత మీద క్లబ్బు ముఖం అడుగు అంచును అడ్డంగా, సరిగ్గా లంబంగా ఆనించండి. ముఖం కుదిరిన తరువాతే చేతులు పెట్టాలి. చాలామంది ముందు పట్టుకొని, ఆ తరువాత క్లబ్బుతో సహా చేతిని తిప్పి పట్టు మారిందనుకుంటారు. అప్పుడు మారింది ముఖమే, పట్టు కాదు. ఎడమ చేతిలో పిడి అరచేతి మధ్యలో కాకుండా, చూపుడువేలి మధ్య కణుపు నుంచి చిటికెనవేలి మొదలు దాకా ఏటవాలుగా వేళ్లలో పడాలి. పై నుంచి చూసినప్పుడు రెండు నుంచి మూడు కణుపులు కనిపించాలి. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఏర్పడే గీత మీ కుడి భుజం వైపు చూపాలి. కుడి చేతిని పక్క నుంచి తెచ్చి పెట్టండి, దాని గీత కూడా ఇంచుమించు అదే వైపు చూపాలి. వేళ్లు ఒకదానిపై ఒకటి వేసుకుంటారా, పెనవేసుకుంటారా, పదివేళ్లతో పట్టుకుంటారా అన్నది మీ చేతి పరిమాణాన్ని బట్టి మీ ఇష్టం. స్లైస్‌కు దానితో పెద్దగా సంబంధం లేదు.

ఎంత గట్టిగా పట్టుకోవాలన్నది కూడా ముఖ్యమే. ఎండాకాలంలో మన వైపు పొద్దున ఏడింటికే చేతులు చెమటలు పడతాయి. క్లబ్బు జారుతుందన్న భయంతో పిడికిలి బిగిస్తే ముంజేతులు రాయిలా అయిపోయి, ముఖం మూయవలసిన ఆ తిరుగుడు ఆగిపోతుంది. ఒక తువ్వాలు దగ్గర పెట్టుకోండి, పిడి మీది రబ్బరు గట్టిపడి నున్నగా మారి ఉంటే ముందు దాన్ని మార్పించండి.

రెండు వారాల పాటు ఈ పట్టు మీ చేతులది కానట్టే అనిపిస్తుంది. ఆ రెండు వారాలూ డ్రైవర్ ముట్టుకోవద్దు. ఏడో నంబరు ఐరన్‌తో, నడుము ఎత్తు నుంచి నడుము ఎత్తు దాకా మాత్రమే ఊపండి. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఇరవై సార్లు, బంతి లేకుండా, పట్టు పట్టి విడవండి. అంతే చాలు.

సమాధానం: రామగుండం ఇంజనీరు

హనుమకొండ మిత్రులకు, జగిత్యాల పెద్దలకు నమస్కారం. పట్టు గురించి పెద్దలు చెప్పిన దానితో నాకు విభేదం లేదు. అయితే మీ రెండో ప్రశ్న నాకు మరీ ఆసక్తి కలిగించింది, ఎందుకంటే నేను కూడా ఏళ్ల తరబడి డాబా మీద నెట్‌లోకే కొట్టి నేర్చుకున్నాను. వంపు కనిపించకపోవడం లోపమే గాని, నెట్ మీకు ఒక విషయాన్ని మైదానం కన్నా కచ్చితంగా చెబుతుంది. దాన్ని చదవడం నేర్చుకుంటే నెల రోజులు ఆగవలసిన పని లేదు.

బంతి దారిని నిర్ణయించేవి రెండు. బంతిని తాకే క్షణంలో క్లబ్బు ముఖం ఎటు చూస్తోంది అన్నది ఒకటి, క్లబ్బు తల ఎటు కదులుతోంది అన్నది రెండోది. బంతి క్లబ్బు కదిలే దారి వెంటే బయలుదేరి, తరువాత ముఖం చూసే వైపు వంగుతుందని చాలాకాలం నేర్పారు. రాడార్ కొలతలు వచ్చాక తేలింది వేరు. డ్రైవర్‌తో బంతి బయలుదేరే దిశ అయిదింట నాలుగు వంతులు ముఖం చూసే వైపే ఉంటుంది. ముఖానికి, క్లబ్బు తల కదిలే దారికి మధ్య ఉన్న తేడా మీద వంపు ఆధారపడుతుంది. ముఖం దారి కన్నా కుడికి చూస్తే బంతి కుడికి వంగుతుంది. ఎడమకు చూస్తే ఎడమకు వంగుతుంది.

ఇప్పుడు మీ బంతిని తీసుకుందాం. ఉదాహరణకు క్లబ్బు తల గురి గీతకు, అంటే బంతి నుంచి గురి వరకు ఊహించుకునే గీతకు, ఆరు డిగ్రీలు ఎడమకు, అంటే బయటి నుంచి మీ వైపుగా కోస్తూ కదులుతోందనుకుందాం. ముఖం రెండు డిగ్రీలు ఎడమకు చూస్తోందనుకుందాం. బంతి దాదాపు మూడు డిగ్రీలు ఎడమకు బయలుదేరుతుంది. కానీ ముఖం దారితో పోలిస్తే నాలుగు డిగ్రీలు తెరుచుకొని ఉంది కాబట్టి, బంతి తిరిగే ఇరుసు కుడికి ఒరిగి, గాలిలో కుడికి వంగిపోతుంది. ఎడమకు బయలుదేరి కుడికి పోయే మీ బంతి వర్ణనకు ఇది సరిపోతుంది. ఎడమకు తిరిగి నిలబడితే వంపు ఎందుకు పెరిగిందో కూడా దీనితోనే తెలుస్తుంది. భుజాలు ఎడమకు తిరిగిన కొద్దీ దారి ఇంకా ఎడమకు పోతుంది, చేతులు మాత్రం బంతిని గురి వైపే పంపాలని ముఖాన్ని తెరిచి ఉంచుతాయి, మధ్యన ఉన్న తేడా పెరుగుతుంది.

డ్రైవర్‌కే ఇంత వంపు ఎందుకన్నది కూడా ఇందులోనే ఉంది. ఏడో నంబరు ఐరన్ ముఖం ముప్పై డిగ్రీలకు పైగా వాలి ఉంటుంది కాబట్టి బంతికి వెనుకకు తిరిగే వేగం చాలా ఎక్కువ. డ్రైవర్ వాలు పది, పదకొండు డిగ్రీలే. ముఖానికి, దారికి తేడా అంతే ఉన్నా, వెనుకకు తిరుగుడు తక్కువైన చోట ఇరుసు ఎక్కువ ఒరుగుతుంది. పైగా డ్రైవర్‌కు బంతి ఎడమ మడమకు ఎదురుగా ఉంటుంది. క్లబ్బు తల అడుగు బిందువు దాటి పైకి లేస్తూ, అప్పటికే లోపలికి తిరుగుతూ తాకుతుంది కాబట్టి దారి ఇంకాస్త ఎడమకు జరుగుతుంది.

నెట్ చదివే పద్ధతికి వస్తాను. బంతి నుంచి నెట్ సరిగ్గా మూడు మీటర్ల దూరంలో ఉండేలా టేపుతో కొలిచి, గురి గీత నెట్‌ను తాకే చోట పై నుంచి కింది దాకా ఒక ఎర్రటి తాడు వేలాడదీయండి. మూడు మీటర్ల దూరంలో ఒక డిగ్రీ అంటే అయిదు సెంటీమీటర్ల పైచిలుకు. తాడుకు పదిహేను సెంటీమీటర్లు ఎడమన బంతి తగిలితే అది మూడు డిగ్రీలు ఎడమకు బయలుదేరిందన్న మాట. అంత తక్కువ దూరంలో వంపు ఇంకా మొదలు కాదు కాబట్టి మీరు చూసేది స్వచ్ఛమైన ఆరంభ దిశ, అంటే దాదాపు ముఖం చూసిన దిశ. మైదానంలో అంత దూరం పోయే బంతిని చూసి ఈ విషయాన్ని ఇంత కచ్చితంగా చెప్పలేం.

దారిని చదవడానికి రెండు ఉపాయాలు ఉన్నాయి. తోటలో చెల్క నేల ఉంటే ఒక చోట కొద్దిగా తడిపి చదును చేసి, గురి వైపు ఒక గీత గీసి, బంతి లేకుండా ఏడో నంబరు ఐరన్‌తో ఆ గీత మీద నేల గీరుకునేలా ఊపండి. గీరిన గుర్తు గీతకు ఎడమగా వాలి ఉంటే మీ దారి ఎడమకే పోతోంది. డ్రైవర్‌కు ఖాళీ నీళ్ల సీసా చాలు. బంతికి జానెడు వెనుక, బంతికి అవతల, అంటే మీ పాదాలకు దూరంగా, అర జానెడు పక్కన దాన్ని నిలబెట్టండి. బయటి నుంచి కోస్తూ వచ్చే క్లబ్బు ఆ సీసాను పడగొట్టకుండా బంతిని చేరలేదు. సీసా ఖాళీదే పెట్టండి, తోటలో పిల్లలు తిరుగుతుంటే అదీ వద్దు.

తాడు ముఖాన్ని చెబుతుంది, సీసా దారిని చెబుతుంది. రెండూ కలిపితే వంపు మీ కళ్ల ముందు లేకపోయినా లెక్కలో ఉంటుంది. ఒక పుస్తకంలో ప్రతి రోజూ పది బంతుల లెక్క రాసుకోండి. సెల్‌ఫోన్‌ను మీ చేతుల ఎత్తులో, గురి గీతకు సూటిగా వెనుక పెట్టి నెమ్మది వీడియో తీసుకుంటే మంచిదే గాని, కోణం నాలుగు వేళ్లు పక్కకు జరిగినా అది తప్పుడు దారి చూపిస్తుంది కాబట్టి నేను సీసానే ఎక్కువ నమ్ముతాను.

ఇంకొక్క మాట. బంతికి, క్లబ్బుకు మధ్య తాకిడి సెకనులో దాదాపు రెండువేలవ వంతు మాత్రమే ఉంటుంది. తాకే క్షణంలో మణికట్టు తిప్పి ముఖం మూద్దామన్న ప్రయత్నం ఎవరికీ సాధ్యం కాదు. ఆ ముఖాన్ని ముందే పట్టులో పెట్టుకొని దిగాలి, ఈ విషయంలో పెద్దల మాట అక్షరాలా నిజం.

సమాధానం: కరీంనగర్ సభ్యురాలు

అన్నగారూ, లెక్క రాసుకోవడం మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. బంతి మీ క్లబ్బు ముఖం మీద ఎక్కడ తగులుతోంది? డ్రైవర్ ముఖానికి పల్చగా ముఖానికి రాసుకునే పౌడర్ అద్ది కొట్టండి, బంతి తగిలిన చోట పౌడర్ లేచిపోయి గుండ్రటి గుర్తు పడుతుంది. మళ్లీ తుడిచి, మళ్లీ అద్ది, ఇరవై బంతులు చూడండి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను ఏడాదిన్నర పాటు పట్టు మార్చుకొని, దారి మార్చుకొని కూడా కుడికే వంచాను. కారణం నా బంతి ముఖం మధ్యలో కాక మడమ వైపు, అంటే కర్ర కలిసే వైపు తగలడం. మడమ వైపు తగిలినప్పుడు క్లబ్బు తల ఒక వైపుకు గిరుక్కున తిరుగుతుంది, దానికి వ్యతిరేకంగా బంతి తిరుగుతుంది, రెండు పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి తిప్పినట్టు. అలా పుట్టిన తిరుగుడు కుడిచేతివాటం వారి బంతిని కుడికే వంచుతుంది. డ్రైవర్ ముఖం అడ్డంగా కొద్దిగా ఉబ్బి ఉంటుంది కాబట్టి మడమ వైపు తగిలిన బంతి ముందు కాస్త ఎడమకు బయలుదేరి, ఆ తరువాత కుడికి వంగుతుంది. మీరు రాసిన వర్ణన చదవగానే నాకు నా బంతే గుర్తుకొచ్చింది. రామగుండం సార్ చెప్పిన తాడు లెక్క మధ్యలో తగిలిన బంతులకే చెల్లుతుంది, మడమ బంతులను లెక్కలోకి తీసుకుంటే తప్పు నిర్ధారణకు వస్తారు.

నాకు కుదిరిన మందు చాలా చిన్నది. బంతికి రెండు వేళ్ల దూరం వెనక్కి జరిగి నిలబడ్డాను, బరువు కాలివేళ్ల మీద కాకుండా పాదం మధ్యలో ఉంచాను. టీ ఎత్తు బంతి సగభాగం క్లబ్బు పై అంచు మీద కనిపించేటంత ఉంచాను. ఇప్పటికీ నా బంతి కుడికి ఏడెనిమిది గజాలు వంగుతుంది, నేను దాన్ని అలాగే ఉంచుకున్నాను. జాక్ నిక్లాస్, లీ ట్రెవినో వంటి మేటి గోల్ఫ్ ఆటగాళ్లే ఎడమ నుంచి కుడికి మెల్లగా వంగే బంతిని ఇష్టపడి వాడారు. ఎంత వంగుతుందో ముందే తెలిసిన బంతితో హాయిగా ఆడవచ్చు.

సమాధానం: రామగుండం ఇంజనీరు

కరీంనగర్ సభ్యురాలు చెప్పింది పూర్తిగా సరైనది, నేను చెప్పకపోవడం పొరపాటు. పౌడర్ పరీక్ష ముందు, తాడు లెక్క తరువాత. మధ్యలో తగలని బంతిని పుస్తకంలో రాయకండి.

హనుమకొండ సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. పట్టు మార్చక ముందే పౌడర్ పరీక్ష చేశాను. ఇరవై బంతుల్లో పదమూడు మడమ వైపు తగిలాయి, మధ్యలో తగిలినవి అయిదే. ఆ అయిదూ తాడుకు ఎడమగా పది నుంచి పదిహేను సెంటీమీటర్ల మధ్య పడ్డాయి. సీసా పెట్టిన ప్రతిసారీ పడిపోయింది. అంటే నాలో మడమ తగులుడూ ఉంది, కోత దారీ ఉంది.

తరువాత జగిత్యాల అన్నగారు చెప్పినట్టు రెండు వారాలు ఏడో నంబరుతో సగం స్వింగులే చేశాను. మొదటి వారం రోజులు బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టింది, రెండో వారానికి తగ్గింది. మొన్న డ్రైవర్ పట్టి చూస్తే కొత్త చిక్కు వచ్చింది. బంతులు తాడుకు ఎడమగా ఇరవై అయిదు, ముప్పై సెంటీమీటర్ల దూరంలో తగులుతున్నాయి. సీసా ఇంకా పడుతూనే ఉంది. మైదానంలో అయితే ఇవి సూటిగా ఎడమవైపు చెట్లలోకి పోతాయని భయమేస్తోంది. పట్టు మళ్లీ కొంచెం వెనక్కి మార్చుకోవాలా?

సమాధానం: జగిత్యాల విశ్రాంత సైనికుడు

వద్దు తమ్ముడూ, పట్టును ముట్టుకోవద్దు. ఈ దశలో పట్టు వెనక్కి మార్చుకొని మళ్లీ స్లైస్‌లోకి పోయినవారిని చాలామందిని చూశాను. ముఖం ఇప్పుడు దారితో సమానంగా మూసుకుంటోంది, అందుకే బంతి మీ దారి ఎటు పోతే అటే సూటిగా పోతోంది. ఇన్నాళ్లూ తెరిచిన ముఖం మీ కోత దారిని దాచిపెట్టింది, ఇప్పుడు అది బయటపడింది. బంతి కుడికి పోతుందన్న భయంతోనే శరీరం ఎడమకు కోయడం అలవాటు చేసుకుంటుంది. కుడి భయం పోయింది కాబట్టి ఆ అలవాటును ఇప్పుడు విడిపించవచ్చు, ముందు విడిపించాలని చూస్తే కుదరదు.

కోత ఎక్కడ మొదలవుతుందో చెబుతాను. క్లబ్బు పైకి చేరాక, కిందికి దించే మొదటి క్షణంలో కుడి భుజం బంతి వైపు ముందుకు దూసుకొస్తుంది. దానితో చేతులు, క్లబ్బు బయటికి విసిరినట్టు పోయి, అక్కడి నుంచి లోపలికి కోస్తూ వస్తాయి. గొడ్డలితో మొద్దు నరికినట్టు ఉంటుంది ఆ కదలిక. మీకు కావలసింది వేరే కదలిక, అది మీ శరీరానికి తెలిసిందే. చిన్నప్పుడు భద్రకాళి చెరువు గట్టున నిలబడి పెంకు ముక్కను నీళ్ల మీద గెంతులు వేసేలా విసిరి ఉంటారు కదా. అప్పుడు ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. ముందు ఎడమ కాలి మీదికి బరువు పోయింది, తరువాత కుడి మోచేయి పొట్ట పక్కగా ముందుకు వచ్చింది, చివరికి చెయ్యి పక్క నుంచి, కింది నుంచి విసిరింది. కుడి భుజం వెనుకనే ఆగింది. డ్రైవర్ కిందికి దిగవలసిన వరుస అదే. తోటలో రోజూ పది పెంకులు అలా విసిరి, వెంటనే క్లబ్బు పట్టి అదే భావనతో ఊపండి. విసరడానికీ ఊపడానికీ మధ్య ఆలోచన దూరనివ్వకండి.

దీనితో పాటు నిలబడే తీరులో రెండు మార్పులు చేయండి. బంతిని మరీ ముందుకు, ఎడమ బొటనవేలికి ఎదురుగా పెడుతున్నారేమో చూసుకోండి. అలా పెడితే దాన్ని అందుకోవడానికి భుజాలు తమంతట తామే ఎడమకు తెరుచుకుంటాయి. ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా ఉంచండి, కుడి భుజం ఎడమ దాని కన్నా కాస్త కిందికి ఉండనివ్వండి. ఇక సాధన వరకు మాత్రమే, కుడి పాదాన్ని ఒక అడుగు వెనక్కి లాగి కొట్టండి. ఆ నిలుపుతో కోత కోయడం కష్టమవుతుంది. మొదటి రోజు పదింట మూడుసార్లు సీసా నిలబడినా చాలు. వేగం సగానికి తగ్గించి కొట్టండి, వేగం పెంచిన క్షణాన పాత దారే తిరిగి వస్తుంది.

గోల్కొండ పోయిన రోజున ఇరుకైన ఫెయిర్‌వే ఎదురైతే డ్రైవర్ బదులు మూడో నంబరు వుడ్ తీయడానికి సంకోచించకండి. దాని వాలు పదిహేను డిగ్రీల దాకా ఉంటుంది, కర్ర కూడా పొట్టి, మిగిలిన వంపు అందులో కొంత అణిగిపోతుంది.

హనుమకొండ సభ్యుడు

నిన్న ఆదివారం గోల్కొండలో ఆడి వచ్చాను. దానికి ముందు అయిదు వారాలు పెంకులు విసిరాను, సీసా పెట్టాను, కరీంనగర్ చెల్లెలు చెప్పినట్టు రెండు వేళ్లు వెనక్కి జరిగి నిలబడ్డాను. చివరి వారం పుస్తకంలో రాసుకున్న లెక్కలో, మధ్యలో తగిలిన బంతులు ఇరవైకి పన్నెండు, సీసా నిలిచినవి పదికి ఏడు, తాడుకు ఇరువైపులా అయిదు సెంటీమీటర్ల లోపు పడినవి సగానికి పైగా.

మైదానంలో డ్రైవర్ పదకొండు సార్లు పట్టాను. మొదటి మూడు బంతులు పాత వంపుతోనే పోయాయి. పొద్దున చలికి, ప్రయాణం అలసటకు వేగంగా ఊపానని నాలుగో టీ దగ్గర గుర్తించి, ఒక గులకరాయి తీసి పక్కనున్న గడ్డి మీదికి పల్లంగా విసిరి, ఆ తరువాత కొట్టాను. అది సూటిగా పోయి, చివర్లో ఓ పదిగజాలు మాత్రం కుడికి వంగి ఫెయిర్‌వే మధ్యలో ఆగింది. మిగిలిన ఏడింటిలో అయిదు ఫెయిర్‌వేలో పడ్డాయి. రెండు ఎడమకు వంగాయి. బంతి ఎడమకు వంగడం రెండేళ్లలో నేను చూడటం అదే మొదటిసారి. నా మిత్రుడు అది నా బంతే అని నమ్మక రెండుసార్లు గుర్తు చూశాడు.

ఆ రెండు బంతులప్పుడు సీసా, తాడు లేవు గనుక కారణం తెలియలేదు. రేపటి నుంచి తోటలో కుడి పాదం మామూలు చోటికి తెచ్చి, తాడుకు కుడివైపు, ఎడమవైపు వేర్వేరుగా లెక్క రాస్తాను. వారం తరువాత ఆ లెక్క ఇక్కడే పెడతాను, రామగుండం సార్ ఒకసారి చూడగలరని మనవి.